ఆర్టికల్ మీద విశేషణం పెత్తనం

అమీర్‌పేటలో ఏ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌కి వెళ్లినా తొలి పాఠాల్లోనే ఆర్టికల్స్ బోర్డు మీదికి వచ్చేస్తాయి. అచ్చు శబ్దం ముందు ‘ఏన్’, హల్లు శబ్దం ముందు ‘ఎ’, ముందే తెలిసిన వస్తువైతే ‘ది’. లెక్కపెట్టగలిగే నామవాచకానికి ఆర్టికల్ కావాలి, లెక్కపెట్టలేనిదానికి అక్కర్లేదు. ఇది బట్టీ పట్టిన కుర్రాడు ‘ఏన్ ఆపిల్’, ‘ఎ బుక్’, ‘ద సన్’ అని తడుముకోకుండా చెప్తాడు. అదే కుర్రాడు ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ లుకింగ్ ఫర్ గుడ్ కంపెనీ’ అంటాడు. అతని ఉద్దేశం మంచి కంపెనీలో ఉద్యోగం కావాలని. ఇంగ్లిష్ చెవికి మాత్రం అతను మంచి సావాసం వెతుక్కుంటున్నట్టు వినిపిస్తుంది. ‘గుడ్’ ముందు ఒక్క ‘ఎ’ పడితే అర్థం సరిపోయేది.

ఇందులో ఆ కుర్రాడి తెలివికొచ్చిన లోటేమీ లేదు. అతనికి చెప్పిన సూత్రాలన్నీ నామవాచకాన్ని ఒంటరిగా నిలబెట్టి చెప్పినవి. మాట్లాడేటప్పుడు నామవాచకం ముందు తరచూ ఒక విశేషణం ఉంటుంది. అది వచ్చి చేరాక చాలాచోట్ల లెక్క మారిపోతుంది. ‘ఎ’నా ‘ఏన్’నా అన్నది మారుతుంది, ఆర్టికల్ ఉండాలా వద్దా అన్నది మారుతుంది, అది ఎక్కడ కూర్చోవాలన్నదీ మారుతుంది. లండన్, డబ్లిన్, చికాగో, హైదరాబాద్ ఇంగ్లిష్‌ల మధ్య ఆర్టికల్ తేడాలు కూడా చాలావరకు విశేషణం చుట్టూ కనిపిస్తాయి.

తేలికైనదానితో మొదలుపెడితే, ‘ఏన్’ నామవాచకం కోసం ఆగదు. తన పక్కన ఏ శబ్దం ఉందో అదే చూస్తుంది. ‘ఎ యూనివర్సిటీ’, కానీ ‘ఏన్ ఓల్డ్ యూనివర్సిటీ’. ‘ఏన్ ఆఫీసర్’, కానీ ‘ఎ సీనియర్ ఆఫీసర్’. మన ఊరి మాటల్లో ‘ఎ యూనివర్సిటీ స్టూడెంట్’, ‘ఏన్ ఉస్మానియా యూనివర్సిటీ స్టూడెంట్’. ‘ఏన్ ఇరానీ చాయ్’, ‘ఎ హాట్ ఇరానీ చాయ్’. ‘ది’ ఉచ్చారణ కూడా ఇలాగే పక్క మాటను బట్టి మారుతుంది: ‘ద హోటల్’, ‘ది ఓల్డ్ హోటల్’.

ఈ విషయంలో తెలుగు లిపి మనకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ కన్నా మంచి దారి చూపిస్తుంది. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ అనే మాటలు ఇంగ్లిష్‌లో అచ్చు అక్షరంతో మొదలవుతాయి కానీ తెలుగులో రాస్తే య, వ కనిపిస్తాయి. కాబట్టి ‘ఎ’. అవర్, ఆనెస్ట్ అనే మాటలకు ఇంగ్లిష్‌లో మొదట హల్లు ఉంటుంది, తెలుగులో రాస్తే ఉండదు. కాబట్టి ‘ఏన్’. తెలుగు మీడియం పిల్లలకు ఈ చిట్కా మొదటి రోజే చెప్పాలి. చాలా క్లాసుల్లో తెలుగు వాడితే ఇంగ్లిష్ పాడవుతుందనే భయంతో చెప్పరు, అది నిజంగా నష్టం.

ఒక్క చిక్కుంది. తెలుగు నోరు మాట మొదట్లో ఉన్న ఎ, ఏలకు యకారాన్నీ, ఒ, ఓలకు వకారాన్నీ చేరుస్తుంది. ‘ఎందుకు’ను యెందుకు అనీ, ‘ఒకటి’ని వొకటి అనీ పలికినట్టే ఎగ్ ‘యెగ్’ అవుతుంది, ఓల్డ్ ‘వోల్డ్’ అవుతుంది, ఎమ్మెల్యే ‘యమ్మెల్యే’ అవుతాడు. అలా పలికేవాళ్ల చెవికి ‘ఎ వోల్డ్ బిల్డింగ్’ సరిగ్గానే ఉన్నట్టనిపిస్తుంది. సూత్రం తెలిసినా తప్పు దొర్లడానికి ఇదొక కారణం. దీనికి మళ్లీ సూత్రం చెప్పి లాభం లేదు, ఉచ్చారణ సరిచేయాలి.

ఇంకో ఉదాహరణ శివార్లలో వెంచర్ల ప్రకటనల్లో దొరుకుతుంది. ‘హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్ లేఅవుట్’ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ అనుమతించిన లేఅవుట్) ముందు ‘ఎ’ రావాలా, ‘ఏన్’ రావాలా? ఇంగ్లండ్‌లో ఆ అక్షరం పేరును ప్రామాణికంగా ‘ఎయిచ్’ అంటారు, అచ్చుతో మొదలవుతుంది, అందుకని పుస్తకాలు ‘ఏన్’ రాయమంటాయి. మనం ‘హెచ్’ అంటాం. ఐర్లండ్‌లోనూ చాలామంది హకారంతోనే పలుకుతారు. నోటితో ‘హెచ్’ అంటూ దాని ముందు ‘ఏన్’ పెడితే పలుకుబడికీ వ్యాకరణానికీ పొత్తు కుదరదు. మాటల్లో ‘ఎ హెచ్‌ఎండీఏ లేఅవుట్’ అంటే తప్పుపట్టకూడదు. పరీక్షలోనో ఆఫీసు లెటర్‌లోనో మాత్రం ‘ఏన్’ రాయడమే క్షేమం.

ఈ హకారం గొడవ ఇంగ్లిష్ వాళ్లలోనూ ఉంది. ఔషధ మొక్కను అమెరికన్లు ‘ఎర్బ్’ అంటారు కాబట్టి ‘ఏన్ ఎర్బ్’. బ్రిటిష్ వాళ్లు హకారం పలుకుతారు కాబట్టి ‘ఎ హర్బ్’. మధ్యలో ‘ఫ్రెష్’ వచ్చిందా, తగాదా తీరిపోతుంది, ఇద్దరూ ‘ఎ ఫ్రెష్’ అనే అంటారు. ‘ఏన్ హిస్టారిక్ డే’ అని ఇప్పటికీ కొందరు రాస్తారు. ‘హిస్టారిక్’లో ఊనిక (స్ట్రెస్) రెండో భాగం మీద పడటంతో మొదటి హకారం బలహీనపడుతుంది, పాతకాలపు ‘ఏన్’ అక్కడ నిలిచిపోయింది. ఊనిక మొదట్లోనే ఉన్న ‘హిస్టరీ’ ముందు మాత్రం వాళ్లు కూడా ‘ఎ’నే వాడతారు. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే అయినా విశేషణానికి ఒక రకం, నామవాచకానికి ఒక రకం!

అసలు ‘ఏన్’నే వదిలేసిన మాండలికాలూ ఉన్నాయి. లండన్‌లో పలు జాతుల యువత కలిసి పెరిగిన పేటల్లో, అమెరికాలో చాలామంది నల్లజాతి ప్రజల మాటలో ‘ఎ ఓల్డ్ మ్యాన్’ అని వినిపిస్తుంది. రెండు అచ్చుల మధ్య గొంతులో చిన్న నొక్కు పడుతుంది, ‘ఏన్’లోని నకారం చేసే పనిని ఆ నొక్కు చేస్తుంది. భాషాశాస్త్రవేత్తలు దీన్ని నిర్లక్ష్యంగా కొట్టిపారేయరు, తనదైన పద్ధతి ఉన్న మాటతీరుగానే నమోదు చేశారు.

చరిత్ర చూస్తే ‘అచ్చు ముందు నకారం చేర్చాలి’ అనే స్కూలు సూత్రం తలకిందులైనది. పాత ఇంగ్లిష్‌లో ‘ఒకటి’ అనే అర్థం ఉన్న ‘ఆన్’ అనే మాటే ఆర్టికల్‌గా మారింది. అసలు రూపంలో నకారం ఉంది. హల్లుల ముందు అరిగిపోయి ‘ఎ’ మిగిలింది. తెలుగులో ‘ఒక’ అరిగి ‘ఓ’ అయిన దారీ అలాంటిదే. ‘ఓ యువకుడు’, ‘ఓ పాత భవనం’ అని మన పేపర్లు రోజూ రాస్తూనే ఉన్నాయి. ఆ నకారం ఎటు పోవాలో తెలియక కొన్ని మాటలు పక్కకు జరిగాయి కూడా: ‘ఎ నేప్రన్’ కాస్తా ‘ఏన్ ఏప్రన్’ అయింది. అమెరికన్ల వాడుక మాటలో ‘ఎ హోల్ నదర్ స్టోరీ’ అని ఒకటుంది. ‘అనదర్’ అంటే ‘ఏన్’, ‘అదర్’ కలిసిన మాట. ‘హోల్’ అనే విశేషణం ఆ మాటను నడిమికి చీల్చి మధ్యలో దూరింది, నకారం అవతలి ముక్కకు అంటుకుపోయింది. ప్రామాణిక రచనలో దీన్ని ఒప్పుకోరు.

పాత ఇంగ్లిష్ గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి. అప్పట్లో విశేషణానికి రెండు రకాల ప్రత్యయాలుండేవి. ‘ఎవరో ఒక మంచి మనిషి’ అన్నప్పుడు ఒక రూపం, ‘ఆ మంచి మనిషి’ అన్నప్పుడు ఇంకో రూపం. జర్మన్‌లో నేటికీ ఆర్టికల్‌ను బట్టి విశేషణం తోక మారుతూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ తోకలు మధ్యయుగాలు ముగిసేసరికి రాలిపోయాయి, తెలిసినదా తెలియనిదా అని చెప్పే భారం ఆర్టికల్ మీద పడింది. అంటే ఆర్టికల్‌కీ విశేషణానికీ మధ్య లంకె ఈనాటిది కాదు.

ఇక అసలు కష్టపెట్టే చోటు. ఆర్టికల్ అక్కర్లేని మాటకు విశేషణం దాన్ని తెచ్చిపెడుతుంది. ‘ఐ హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్’ అనాలి. ‘హెవీ’ చేరితే ‘ఐ హ్యాడ్ ఎ హెవీ బ్రేక్‌ఫాస్ట్’. ‘నాలెడ్జ్’కు ఆర్టికల్ ఉండదని రాసుకున్న నోట్సు ‘ఎ థరో నాలెడ్జ్ ఆఫ్ ద సబ్జెక్ట్’ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. సూర్యుడు ఒక్కడే కాబట్టి ‘ద సన్’ అంటారు, మే నెల ఎండను వర్ణించేటప్పుడు ‘ఎ బ్లేజింగ్ సన్’ అనొచ్చు. హైదరాబాద్ అనే పేరుకు ఆర్టికల్ లేదు; మారిపోతున్న నగరం గురించి రాసేవాళ్లు మాత్రం ‘ఎ ఫాస్ట్-గ్రోయింగ్ హైదరాబాద్’ అంటారు, నిజాం కాలాన్ని తలచుకునేవాళ్లు ‘ది ఓల్డ్ హైదరాబాద్’ అంటారు.

కారణం మరీ లోతైనదేం కాదు. విశేషణం చేరగానే ఆ వస్తువుకు వేరే రకాలో, వేరే దశలో ఉన్నట్టవుతుంది. టిఫిన్ అంటే రోజూ జరిగే పని; హెవీ టిఫిన్ అంటే రకరకాల టిఫిన్లలో ఒకటి. ఎదుగుతున్న హైదరాబాద్ అంటే ఈ ఊరికున్న అనేక ముఖాల్లో ఒకటి. ‘అనేకంలో ఒకటి’ అనగానే ‘ఎ’కు చోటు దొరుకుతుంది. విశేషణం రకాన్ని విడదీయకుండా మాట్లాడేవాడి జాలినో ప్రేమనో మాత్రమే చెప్తే ఆర్టికల్ రాదు. ‘పూర్ రాము’ అంటే పాపం రాము అని. అక్కడ రాముల్లో రకాలేమీ లేవు.

కొన్ని నామవాచకాలు ఎంత మంచి విశేషణానికీ లొంగవు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ ఆ జాతివి. ‘ఎ గుడ్ అడ్వైస్’ అని మన ఆఫీసుల్లో తరచూ చెవిన పడుతుంది. బ్రిటిష్, అమెరికన్ ప్రమాణాలు రెండూ దాన్ని ఒప్పుకోవు. ‘ఎ థరో నాలెడ్జ్’ కుదిరి ‘ఎ గుడ్ అడ్వైస్’ ఎందుకు కుదరదంటే, అది ఆ మాటల వాడుకలోనే ఉన్న తేడా. దీన్ని సూత్రంలో ఇరికించలేం, జంటలు జంటలుగా వినీ చదివీ పట్టుకోవాల్సిందే.

బహువచనం ముందు ‘ఎ’ రాదని మనందరం నేర్చుకున్నాం. మరి పేపర్లో ‘ఏన్ ఎస్టిమేటెడ్ ఫైవ్ హండ్రెడ్ పీపుల్’ అని ఉంటుందేం? అయిదొందల మందికి ‘ఏన్’ ఏమిటి? ఆ ‘ఎస్టిమేటెడ్’ అన్న విశేషణం అయిదొందలను ఒకే మొత్తంగా కట్టేసింది, ‘ఏన్’ ఆ మొత్తానికి. ‘ఎ గుడ్ టెన్ మినిట్స్’ కూడా అంతే, తక్కువలో తక్కువ పది నిమిషాలని. ‘గుడ్’ తీసేసి చూడండి, ‘ఎ టెన్ మినిట్స్’ అన్నది నిలబడదు. విశేషణం పెత్తనం ఇంతకన్నా స్పష్టంగా కనిపించే చోటు లేదు.

మాండలికాల తేడాను విశేషణం చెరిపేసే సందర్భమూ ఉంది. రోగిగా చేరినవాళ్ల గురించి బ్రిటిష్ వాళ్లు ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికన్లు ‘ఇన్ ద హాస్పిటల్’ అంటారు. బ్రిటిష్ వాడుకలో ఆర్టికల్ లేని మాట భవనాన్ని కాకుండా చికిత్సలో ఉన్న స్థితిని చెప్తుంది. ‘ప్రైవేట్’ చేరగానే అది ఒక భవనమో సంస్థో అయిపోతుంది, అప్పుడు ఇద్దరూ ‘ఇన్ ఎ ప్రైవేట్ హాస్పిటల్’ అనాల్సిందే. మన దగ్గర బ్రిటిష్ అలవాటే వచ్చింది. దాన్ని ఇంకాస్త సాగదీసి ‘షి ఈజ్ ఇన్ ప్రైవేట్ హాస్పిటల్’ అని కూడా అనేస్తున్నాం.

ఆర్టికల్ చోటు మారే సంగతి ఇంకా ఆసక్తికరం. ‘అంత పెద్ద సమస్యేం కాదు’ అనే తెలుగు మాటను హైదరాబాదీ నోరు ‘నాట్ దట్ మచ్ బిగ్ ప్రాబ్లం’ అంటుంది. బ్రిటిష్ ప్రమాణంలో అది ‘నాట్ దట్ బిగ్ ఎ ప్రాబ్లం’. ‘ఎ’ ముందు, విశేషణం తర్వాత, నామవాచకం చివర అని నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ వరస తిరగబడి కనిపిస్తుంది. అంత, ఇంత, ఎంత, మరీ అనే అర్థాలిచ్చే మాటలు (దట్, సో, హౌ, టూ, ఆజ్) విశేషణాన్ని ఆర్టికల్ దాటించి ముందుకు లాగుతాయి: ‘హౌ లాంగ్ ఎ జర్నీ’, ‘టూ స్మాల్ ఎ రూమ్’, ‘ఆజ్ గుడ్ ఎ టీచర్ ఆజ్ ఎనీ’. ఈ ఏర్పాటు ‘ఎ’, ‘ఏన్’లతోనే నడుస్తుంది. బహువచనం వస్తే ‘సో బిగ్ ప్రాబ్లమ్స్’ కుదరదు, ‘సచ్ బిగ్ ప్రాబ్లమ్స్’ అని దారి మార్చుకోవాలి. తెలుగులో ‘అంత పెద్ద’ తర్వాత ‘ఒక’ రానే రాదు కాబట్టి, ఆ మధ్యలో ‘ఎ’ ఉండాలన్న ఆలోచన మనకు సహజంగా తట్టదు.

అమెరికన్లకూ ఈ వరస కొంచెం ఇబ్బందిగానే ఉన్నట్టుంది. వాళ్ల వాడుక మాటలో మధ్యలో ఒక ‘ఆఫ్’ వచ్చి చేరింది: ‘నాట్ దట్ బిగ్ ఆఫ్ ఎ డీల్’, ‘హౌ లాంగ్ ఆఫ్ ఎ జర్నీ’. ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ‘టూ మచ్ ఆఫ్ ఎ రిస్క్’, ‘మోర్ ఆఫ్ ఎ ప్రాబ్లం’ అన్నవి అన్ని ఇంగ్లిష్‌లలోనూ చెల్లుతాయి. ఆ మూసలోనే ‘బిగ్’, ‘లాంగ్’ లాంటివీ పడ్డాయి. బ్రిటిష్ సంప్రదాయం దీన్ని తప్పుగానే చూస్తుంది. అమెరికాలోనూ జాగ్రత్తగా ఎడిట్ చేసిన రచనలో ఎక్కువగా తీసేస్తారు, మాటల్లో మాత్రం మామూలైపోయింది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో అమెరికన్ క్లయింట్ కాల్స్ వినీ వినీ మనవాళ్లకూ ఇది అబ్బుతోంది. బ్రిటిష్ దారిలో నడిచే గ్రామర్ పుస్తకం ఒకటి చెప్తుంది, హెడ్‌సెట్‌లో ఇంకోటి వినిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఈ రెండూ రెండు ప్రాంతాల పద్ధతులని ఒక్క మాట చెప్తే బోలెడు టెన్షన్ తగ్గుతుంది. ఎటూ తేలకపోతే ‘సచ్ ఎ బిగ్ ప్రాబ్లం’ అనేది ఎక్కడైనా చెల్లుతుంది. అందులో విశేషణం కదలకుండా తన చోటే ఉంటుంది. అరగంటను బ్రిటిష్ వాళ్లు ‘హాఫ్ ఏన్ అవర్’ అంటే, అమెరికన్లు దాంతోపాటు ‘ఎ హాఫ్ అవర్’ అని కూడా అంటారు. రెండూ సరైనవే.

నామవాచకమే లేకుండా ‘ది’, విశేషణం కలిసి కాపురం చేసే సందర్భాలున్నాయి. ‘ద పూర్’, ‘ద రిచ్’ అంటే పేదలు, ధనికులు. మనుషుల సమూహాన్ని చెప్పేటప్పుడు క్రియ బహువచనంలో ఉంటుంది: ‘ద పూర్ ఆర్’. ‘మంచివాడు’, ‘పెద్దది’ అని విశేషణానికి ప్రత్యయం తగిలించుకోగల తెలుగువాళ్లకు ‘పూర్’ అన్న బోడి మాట చాలనట్టు ఉంటుంది, అందుకే ‘ద పూర్ పీపుల్’ అంటాం. అది తప్పు కాదు గానీ, చాలాసార్లు ‘ఆ పేదవాళ్లు’ అని ఎవరినో వేలెత్తి చూపినట్టవుతుంది. నాంపల్లి కోర్టులో రోజంతా వినిపించే ‘ది అక్యూజ్డ్’ ఒక్కరికీ చెల్లుతుంది, పదిమందికీ చెల్లుతుంది.

మన ఆఫీసు మెయిళ్లలో వచ్చే ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ ఈ కోవలోదే. విదేశీ సహోద్యోగులు దీన్ని చూసి నవ్వుతారని మనవాళ్లు సిగ్గుపడుతుంటారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ‘ద నీడ్‌ఫుల్’ నిర్మాణం ‘ది ఇంపాజిబుల్’, ‘ది అన్‌థింకబుల్’ అన్నవాటి నిర్మాణమే. చేయవలసినది అని అర్థం. ఒకప్పుడు బ్రిటన్‌లోనూ మామూలుగా వాడిన మాట ఇది. అక్కడ పాతబడిపోయింది, ఇక్కడి ఫైళ్లలో బతికింది. ఏం చేయాలో సూటిగా రాయడం మంచిదని సలహా ఇవ్వొచ్చు కానీ, గ్రామర్ తప్పని అనకూడదు.

‘ది’ని మనకన్నా ధారాళంగా వాడే ఇంగ్లిష్‌లూ ఉన్నాయి. ఐరిష్ వాడుకలో భాషల పేర్లకూ జబ్బుల పేర్లకూ అది వస్తుంటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ‘ది’ ఒక్క టకారంగా కుదించుకుపోయి పక్క మాటకు అతుక్కుంటుంది. ఇవేవీ అక్కడివాళ్ల ఇంగ్లిష్‌ను తక్కువ చేయవు.

ఆ న్యాయమే హైదరాబాద్ ఇంగ్లిష్‌కూ వర్తించాలి. ‘యెస్టర్డే వన్ ఓల్డ్ ఫ్రెండ్ మెట్ మి’, ‘వి వాంట్ టు బై న్యూ హౌస్’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానిలో ‘ఎ’కు బదులు ‘వన్’ వచ్చింది, రెండోదానిలో ఏమీ రాలేదు. పైకి రెండు వేర్వేరు తప్పుల్లా ఉన్నాయి. తెలుగులో అనుకుంటే గుట్టు తెలుస్తుంది: ‘నిన్న ఒక పాత ఫ్రెండ్ కలిశాడు’, ‘కొత్త ఇల్లు కొనాలి’. కలిసిన ఫ్రెండ్ ఫలానా మనిషి, మాట్లాడేవాడి మనసులో అతని ముఖం ఉంది, అందుకే ‘ఒక’. కొనబోయే ఇల్లు ఇంకా ఏదో తెలియదు, అందుకే ‘ఒక’ అక్కర్లేదు. ఇంగ్లిష్ ఆర్టికల్ వినేవాడికి తెలుసా లేదా అని అడుగుతుంది. ‘ఒక’ ఉండటం లేకపోవడం, ఇలాంటి చోట్ల, చెప్పేవాడి మనసులో ఫలానాది ఉందా లేదా అన్నదాన్ని బట్టి నడుస్తుంది. ఈ పట్టింపు తెలుగుకే పరిమితం కాదు, ఇతర భారతీయ భాషల వాళ్ల ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తుంది. క్లాసులో ఎర్ర ఇంకుతో ‘ఎ’ రాసి వదిలేసే బదులు ఈ తేడాను తెలుగులోనే విడమరచి చెప్పే టీచర్ దొరికితే పిల్లాడి అదృష్టం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై ఇప్పుడు ఇఫ్లూగా (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) ఉన్న విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇచ్చిన అంత చరిత్ర ఉన్న ఊళ్లో, బడి బోర్డు మీద ఇంకా ఆపిల్, బుక్ దగ్గరే ఆగిపోవడం బాధాకరం.

ఇంటర్ ఫలితాల రోజుల్లో ఫ్లెక్సీల మీద కనిపించే ‘స్టేట్ ఫస్ట్ ర్యాంక్’ సంగతీ ఒకటి తేల్చాలి. వరుస సంఖ్య ముందు ‘ది’ తప్పనిసరి అని నేర్పుతారు కాబట్టి ‘షి గాట్ ఫస్ట్ ర్యాంక్’ అన్న పిల్లకు మార్కు కోస్తారు. కానీ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ‘షి వన్ ఫస్ట్ ప్రైజ్’ అని ‘ది’ లేకుండానే రాస్తారు, ‘ద ఫస్ట్ ప్రైజ్’ అనీ రాస్తారు. బహుమతి పేరు ఒక బిరుదులాగా స్థిరపడిపోయింది కాబట్టి ఆర్టికల్ విడిచినా చెల్లింది. ర్యాంకులతోనే బడి జీవితం గడిచే చోట ‘ఫస్ట్ ర్యాంక్’ కూడా అలాగే బిరుదైపోయింది. ‘షి ఈజ్ ఫస్ట్ గర్ల్ టు గెట్ ఇట్’ అంటే అక్కడ ‘ద ఫస్ట్ గర్ల్’ అని దిద్దాలి, అది బిరుదు కాదు కాబట్టి. ‘ఫస్ట్ ర్యాంక్’ను మాత్రం దిద్దక్కర్లేదు.